సముద్రాలు దాటే సామాను

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన అమ్మమ్మల కాలంలో పిల్లను కాపురానికి పంపేటప్పుడు సారె బండి నిండా సర్దేవారు. బండి ఇరుసు విరగకుండా ఉంటే చాలు, ఎంత పెట్టారని అడిగేవాళ్ళు లేరు. ఎడ్లు లాగలేకపోతే మనుషులు దిగి నడిచేవారు. ఇప్పుడు పిల్ల కాపురం న్యూజెర్సీలోనో, మెల్‌బోర్న్‌లోనో, కువైట్‌లోనో ఉంటోంది. సారె పెట్టాలన్న ఆశ మనలో అలాగే ఉంది, బండి మాత్రం మారిపోయింది. ఈ బండిలో బరువెక్కువైతే దిగి నడవడానికి వీల్లేదు. అందుకని విదేశాలకు వెళ్ళేటప్పుడు సామాను సర్దుకోవడం గురించి ఈ వేళ కొంచెం మాట్లాడుకుందాం.

మొదట మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను. మా అక్క ఉండేది తలుపులలో. కదిరి నుంచి పులివెందుల పోయే దారిలో ఉందా ఊరు. 2018 డిసెంబరులో అక్క కూతురి పురుటికని అమెరికా ప్రయాణమైంది. అరవై ఏళ్ళు దాటిన మనిషి, బి.పి., షుగరు రెండూ ఉన్నాయి, విమానం ఎక్కడం అదే మొదటిసారి. సాయం చేద్దామని ఊళ్ళో పనులు సర్దుకొని వారం ముందే వెళ్ళాను నేను.

వెళ్ళేసరికి నడవలో తిరునాళ్ళ అంగడి పెట్టినట్టుంది. శొంఠి, వాము, పిప్పళ్ళు, ఇంగువ, వసకొమ్ము, ఆముదం సీసా, వెన్న కాచిన నెయ్యి రెండు డబ్బాలు. అల్లుడికి సంగటి ఇష్టమని రాగిపిండి ఐదు కిలోలు. చెనిక్కాయల పొడి, కందిపొడి, నిప్పట్లు, మురుకులు, అరిసెలు. గాజు జాడీలలో గోంగూర, మామిడికాయ ఊరగాయ. చంటిబిడ్డకు పరవడానికి మెత్తని పాత నూలు చీరలు. వెండి ఉగ్గుగిన్నె. అన్నిటికీ మించి శొంఠి, వసకొమ్ము అరగదీయడానికి మా అమ్మ వాడిన సానరాయి. ఆ రాయి ఒక్కటే రెండు కిలోలు!

"అక్కా, ఇంత ఎట్లా తీసుకుపోతావు?" అన్నాను. "అంత దూరం పోతా ఉత్త చేతుల్తో పోవల్లా ఏమి?" అంది.

వీటికి తోడు వీధిలో వాళ్ళు. ఒకామె కోడలికి ఒడిబియ్యం మూట తెచ్చింది: బియ్యం, ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు. ఇంకొకామె కొడుక్కి ఏదో పొట్లం, చుట్టూ కుట్టేసి ఉంది. "మీ అమ్మాయి ఊరికి దగ్గరేనంట, ఒక గంట దారంట" అంటుంది. కాదంటే ఏమనుకుంటారో అని అక్క అన్నీ అందుకొంది.

బరువు చూద్దామంటే మా బావకు నవ్వొచ్చింది. చెనిక్కాయలు పండే ఊరు మాది. మూట భుజానికెత్తుకొని ఇంత తూగుతుందని చెప్పగలిగిన మనిషి ఆయన. రెండు సూట్‌కేసులూ చేత్తో లేపి చూసి, "ఇరవై రెండుంటాయి, ఇరవై మూడుంటాయి, భయం లేదు" అన్నాడు. వీధి చివర మండీలో కాటా ఉన్నా ఎవరూ అక్కడిదాకా తీసుకుపోలేదు.

కదిరి, గోరంట్ల, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా దేవనహళ్ళి చేరాం. బెంగుళూరు విమానాశ్రయం 2008లో అక్కడికి మారిన దగ్గర్నుంచి మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి వైపు వాళ్ళందరికీ పరదేశానికి గడప అదే. టికెట్టు లేనివాళ్ళను లోపలికి రానివ్వరు గనుక బావ, నేను అద్దాల తలుపుల ఇవతలే నిలబడ్డాం. అరగంట గడిచిందో లేదో, అవతల అక్క కనిపించింది. ముఖమంతా చెమట, కొంగు జారిపోతోంది. ఒక సూట్‌కేసు 27 కిలోలు తూగిందట, రెండోది ఇరవై అయిదున్నర. రెండూ 23కు మించకూడదు. అదనపు బరువుకు వాళ్ళు చెప్పిన డబ్బు వింటే, ఆ డబ్బుతో ఆ సరుకంతా రెండు మూడు సార్లు కొనుక్కోవచ్చు. వరుసలో వెనక ఉన్నవాళ్ళు విసుక్కుంటుంటే, నేల మీద కూర్చొని, వందమంది చూస్తుండగా పెట్టెలు తెరిచి, లోపలి చీరలూ సరుకులూ బయటికి తీసిందట పాపం.

తలుపు దగ్గర కాపలా ఉన్న జవాను మంచివాడు కనుక, వెనక్కి పంపిన వస్తువుల్ని ఒక్కొక్కటే మాకు అందించాడు. మొదట రాగిపిండి, తరవాత ఊరగాయ జాడీలు, ఒడిబియ్యం మూట, చివరికి సానరాయి. ఆ రాయి అందుకొంటుంటే అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి.

అసలు నష్టం ఇంకొకటి జరిగిందని మాకు మర్నాడు గాని తెలియలేదు. అక్కడ హడావుడిలో వెండి ఉగ్గుగిన్నెను, బరువైన పట్టుచీరను చేతిసంచిలోకి మార్చింది. సంచి మూత పడలేదు. పైన మెత్తగా ఉన్నదేదో తీసి పెద్ద పెట్టెలో పడేసింది. ఆ మెత్తనిది మాత్రల సంచి. దారిలో విమానం మారేచోట ఆ పెట్టె వెనక పడిపోయి, మూడో రోజుకు ఇంటికి చేరింది. మన దగ్గరలాగా చీటీ లేకుండా అంగట్లో మాత్రలు కొనుక్కోవడానికి అక్కడ కుదరదు. అక్కకు కళ్ళు తిరిగాయి, బి.పి. పెరిగింది. నెలలు నిండిన కూతురు చలిలో తల్లిని వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరికి వెళ్ళవలసి వచ్చింది. పురుడు పోయడానికి వెళ్ళిన తల్లికి పురిటాలే సేవ చేసింది. ఈ ఒక్క మాట మీకు గుర్తుండిపోతే నా ప్రసంగానికి ఫలం దక్కినట్టే.

ఇలా ఎందుకు జరుగుతుందో, జరగకుండా ఏం చేయాలో చూద్దాం.

ఒకప్పుడు ప్రయాణమంటే ట్రంకు పెట్టె, పరుపు చుట్టిన హోల్డాలు, కూజా. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి స్టీమరు ఎక్కి రంగూను వెళ్ళిన మన తెలుగువాళ్ళు సామానంతా ఓడలో వేసుకొని పోయారు. ఓడకు బరువు లెక్క ఉన్నా అది చాలా పెద్ద లెక్క. విమానానికి అలా కాదు, ప్రతి కిలోకూ ఇంధనం ఖర్చవుతుంది. మొదటి రోజుల్లో మామూలు తరగతి ప్రయాణికుడికి 20 కిలోలు, మొదటి తరగతికి 30 కిలోలు అని ఉండేది. ఇక పెట్టెకు చక్రాలు బిగించి లాగవచ్చని అమెరికాలో బెర్నార్డ్ శాడో అనే ఆయనకు 1970లో తోచింది, 1972లో పేటెంటు దొరికింది. నిలువుగా లాగే పిడి ఉన్న పెట్టెను 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమాన పైలట్ తయారు చేశాడు. చక్రాలు వచ్చాక మన చేతికి బరువు తెలియడం మానేసింది. చేతికి తెలియనిది కాటాకు తెలుస్తుంది మరి.

ఇప్పుడు బరువు లెక్క రెండు రకాలుగా ఉంటోంది. అమెరికా వైపు వెళ్ళే విమానాల్లో ఎక్కువగా పెట్టెల లెక్క. మామూలు తరగతికి సాధారణంగా రెండు పెట్టెలు, ఒక్కొక్కటి 23 కిలోలు. ఒకటి 20, ఇంకొకటి 26 ఉంటే మొత్తం 46 అయింది కదా అంటే ఒప్పుకోరు. ఏ పెట్టె లెక్క ఆ పెట్టెదే. గల్ఫ్ దేశాల వైపు చాలా టికెట్లకు మొత్తం బరువు మీద లెక్క. కొన్ని చవక టికెట్లకు ఒక్క పెట్టే ఇస్తారు. కనుక పక్కింటావిడ ఎంత తీసుకువెళ్ళిందన్నది మనకు ప్రమాణం కాదు. మన టికెట్టులో ఏమని అచ్చయిందో అదే ప్రమాణం. చదవడం రాకపోతే తెలిసినవాళ్ళతో చదివించుకోవాలి. ఇంకొక చిక్కు కూడా ఉంది. హైదరాబాదు నుంచి ఢిల్లీ దాకా వేరే టికెట్టు, అక్కడి నుంచి విదేశానికి వేరే టికెట్టు కొన్నారనుకోండి, దేశంలో తిరిగే విమానంలో మామూలుగా 15 కిలోలే ఉచితం. మిగతా బరువుకు అక్కడే డబ్బు కట్టమంటారు.

23 దాటితే అదనపు రుసుము కట్టి 32 కిలోల దాకా పంపవచ్చు. 32 దాటితే మాత్రం ఆ పెట్టెను డబ్బిచ్చినా తీసుకోరు. ఎందుకంటే ఆ పెట్టెను కాటా మీద నుంచి విమానం కడుపులోకి చేర్చడంలో ఎక్కడో ఒకచోట మనిషి చేత్తో ఎత్తక తప్పదు. రోజుకు వందల పెట్టెలు ఎత్తే కూలీ నడుము విరగకూడదని పెట్టిన హద్దు అది. మన సారె ఎవరి నడుము మీద పోతోందో మనం ఎప్పుడైనా ఆలోచించామా?

పెట్టె కొలతకు కూడా లెక్కుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదంటారు. దుప్పట్లో మూట కట్టి, తాళ్ళు బిగించి పంపే అలవాటు మనవాళ్ళలో ఇంకా ఉంది. సామాను మోసుకుపోయే పట్టీల మధ్య ఆ తాళ్ళు చిక్కుకుంటాయి. దుబాయి విమానాశ్రయంలో 2017 మార్చి నుంచి గుండ్రని మూటలను, ఒక పక్కైనా చదునుగా లేని సంచులను తీసుకోవడం మానేశారు.

ఇక ఏం పెట్టుకోవచ్చు, ఏం పెట్టుకోకూడదు అన్నది. ఇది బరువుకంటే ముఖ్యం.

మొదటిది ఎండుకొబ్బరి. మనకది పసుపు కుంకుమలతో సమానం. విమానం వాళ్ళకు మాత్రం ప్రమాదకరమైన సరుకు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ. మూసిన చోట కుప్పగా ఉంటే తనంతట తాను వేడెక్కే గుణం దానికుంది, నిప్పు అంటుకొనే ప్రమాదమూ ఉంది. అందుకే పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు. ఎక్స్‌రే యంత్రంలో ఆ చిప్పలు కనిపిస్తే పెట్టె ఆపి తెరిపిస్తారు. అక్క ఒడిబియ్యం మూట తిరిగి రావడమే మంచిదయింది.

ఆ మూటలోని బియ్యం సంగతీ వినండి. మన దేశం నుంచి ప్రయాణికులు సామానులో బియ్యం తేవడాన్ని అమెరికా ఒప్పుకోదు. ఖప్రా అనే చిన్న పురుగు ధాన్యంతో పాటు తమ గిడ్డంగుల్లోకి చేరుతుందని వాళ్ళ భయం. పచ్చి కరివేపాకూ అంతే. నిమ్మ, నారింజ తోటల్ని ఎండగట్టే తెగులును మోసే పురుగు కరివేపాకు చెట్టు మీద కూడా బతుకుతుంది. మనం ఒక రెమ్మ తీసుకుపోతే ఏమవుతుందిలే అనుకుంటాం. తెగులుకు ఒక రెమ్మ చాలు. రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళం, ఈ భయం మనకు వేరే చెప్పనక్కరలేదు. పచ్చి కాయలు, పండ్లు, విత్తనాలు, మాంసం, మాంసంతో పెట్టిన పచ్చళ్ళు కూడా ఇంట్లోనే వదిలిపెట్టండి. యూరపు దేశాలలో మాంసంతో పాటు పాలతో చేసినవాటిని కూడా రానివ్వరు. పాలకోవా పొట్లం అక్కడి చెత్తబుట్టలో పడుతుంది.

మరి పొడులు, పప్పులు తీసుకువెళ్ళినవాళ్ళు అడిగినప్పుడు ఏం చెప్పాలి? ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అమెరికాలో దిగగానే తినుబండారాలు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. "ఉన్నాయి" అని చూపిస్తే, కూడనిది ఏదైనా ఉంటే తీసేసుకొని మనల్ని పంపేస్తారు. లేవని చెప్పి దొరికితే మొదటిసారికే 300 డాలర్ల నుంచి జుర్మానా పడవచ్చు. భయపడి అబద్ధమాడితేనే చిక్కు.

గసగసాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మసాలాలోకి, పాయసంలోకి మనం వాడుకునే ఈ గింజలను సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సింగపూరు వంటి దేశాలు నిషేధించాయి. నల్లమందు మొక్క గింజలు కావడమే కారణం. వంటకని చెప్పినా అక్కడ చెల్లదు, జైలు దాకా వెళ్ళవచ్చు. కలిపి దంచిన మసాలాపొడిలో కూడా ఉండకూడదు.

దీన్ని బట్టి ఇతరులిచ్చే పొట్లాల విషయం ఆలోచించండి. మన కదిరి, రాయచోటి, కడప వైపు నుంచి ఎందరో ఆడవాళ్ళు ఇంటిపనులకు కువైట్ వెళుతున్నారు. ఊరినుంచి ఎవరు బయలుదేరినా, ముందే అక్కడ ఉన్నవాళ్ళకు మాత్రలో, పచ్చడో, పొట్లమో ఇచ్చి పంపడం మామూలు. ఇచ్చేవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. కాని మన దగ్గర మామూలుగా దొరికే నొప్పి మాత్రలలో కొన్ని గల్ఫ్ దేశాల్లో మత్తుమందుల లెక్కలోకి వస్తాయి. పెట్టె ఎవరిదో వాళ్ళదే నేరం. "నాది కాదు, ఫలానా వాళ్ళిచ్చారు" అంటే భాష రాని చోట వినేదెవరు? కనుక కుట్టిన పొట్లం, అంటించిన డబ్బా ఎవరిచ్చినా తీసుకోకండి. తీసుకోక తప్పకపోతే మన కళ్ళ ముందే విప్పించి, చూసి, మన చేత్తో సర్దుకోవాలి. అక్కకిచ్చిన పొట్లం నేను విప్పమంటే ఆవిడకు కోపం వచ్చింది. విప్పితే ఏముందనుకున్నారు? కొడుక్కి నాలుగు జతల బనియన్లు, కదిరి నరసింహస్వామి కుంకుమ! ఆవిడ ప్రేమలో దోషం లేదు. అయినా విప్పి చూడమనే మళ్ళీ చెబుతాను.

ఇప్పుడు సర్దడం ఎలాగో చెప్పుకుందాం.

ముందు ఖాళీ పెట్టెను తూచండి. పెద్ద పెట్టె ఒక్కటే నాలుగు, నాలుగున్నర కిలోలు ఉంటుంది. రెండు పెట్టెలు కలిపి తొమ్మిదనుకొంటే, 46లో మనకు మిగిలేది 37. ఈ 37 కిలోలే మన ఆస్తి. దీన్ని నెల ఖర్చులాగా పంచుకోవాలి. జరీ ఎక్కువున్న ధర్మవరం పట్టుచీర ఒకటి ముప్పాతిక కిలో తూగవచ్చు. అయిదు పెట్టుకొంటే మూడు ముప్పాతిక కిలోలు అయిపోయాయి. పచ్చడి కిలో అయితే గాజు జాడీ ఇంకో అరకిలో. మందమైన ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి అంటించి, ఇంకో సంచిలో పెట్టి, పాత తువ్వాలు చుట్టి పెద్ద పెట్టె మధ్యలో పెడితే జాడీ బరువు మిగులుతుంది, పగిలే భయమూ ఉండదు.

తరవాత కాగితం తీసుకొని మూడు జాబితాలు రాయండి. అక్కడ దొరకనివి, అక్కడ దొరికేవి, దొరికినా మనింటి రుచి రానివి. ఇది రాసేటప్పుడు అక్కడున్న పిల్లతో ఫోనులో మాట్లాడుతూ రాయాలి. మనం అనుకొని రాస్తే అన్నీ మొదటి జాబితాలోకే వెళతాయి! అమెరికాలో మనవాళ్ళున్న ఊళ్ళలో కందిపప్పు, రాగిపిండి, శొంఠి, వాము, ఇంగువ అన్నీ మన అంగళ్ళలో దొరుకుతున్నాయి. ధర ఎక్కువే. అయినా అదనపు బరువుకు కట్టే డబ్బుతో పోలిస్తే తక్కువ.

తూచడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. మనిషి బరువు చూసుకొనే చిన్న కాటా ఉంటే, పెట్టె పట్టుకొని ఎక్కి, తరవాత ఉత్తగా ఎక్కి, రెండిటి తేడా చూసుకోవచ్చు. కొక్కేనికి తగిలించి పట్టుకొనే చేతికాటాలు కూడా దొరుకుతాయి. 23 అని ఉంటే 22 దగ్గర ఆపండి. మన కాటాకు, వాళ్ళ కాటాకు తేడా ఉండవచ్చు. తూచిన తరవాత పెట్టెకు తాళం వేసి, తాళంచెవి ప్రయాణం చేసే మనిషి చేతికి ఇవ్వాలి. ఆఖరి రోజు వచ్చే ప్రతి పొట్లానికీ ఆ మనిషే జవాబు చెప్పాలి. అమెరికా వెళ్ళే పెట్టెలకు అక్కడి తనిఖీవాళ్ళు తెరవగలిగే రకం తాళాలు అమ్ముతారు. మామూలు తాళమైతే అవసరమనుకొంటే పగలగొడతారు.

చేతిసంచి సంగతి చివరికి ఉంచాను. అన్నిటిలోకీ ముఖ్యమైనది అదే. 2006 ఆగస్టులో లండన్‌లో విమానాలను పేల్చే కుట్ర బయటపడిన దగ్గర్నుంచి చేతిసంచిలో ద్రవాల మీద కట్టుబాటు వచ్చింది. చాలా విమానాశ్రయాల్లో ఇప్పటికీ 100 మిల్లీలీటర్లు దాటిన సీసాను రానివ్వరు. నెయ్యి, నూనె, పెరుగు, పచ్చడి కూడా ద్రవం కిందే లెక్క. మందులకు, చంటిపిల్లల పాలకు మినహాయింపు ఉంది. ఫోనుకు చార్జి పెట్టే పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెట్టకూడదు.

చేతిసంచి ఏడెనిమిది కిలోలకు మించనివ్వరు. అందులో మొదట పెట్టవలసినవి మాత్రలు. కనీసం రెండు వారాలకు సరిపడా, వాటి అసలు అట్టల్లోనే, డాక్టరు చీటీతో సహా. తరవాత పాస్‌పోర్టు, కాగితాలు, వెళ్ళే ఇంటి చిరునామా, ఫోను నెంబర్లు కాగితం మీద రాసి. కళ్ళజోడు, ఒక జత బట్టలు, ఒక శాలువా. వీటిని ఒక చిన్న గుడ్డసంచిలో వేసి, దానికి ఎర్రదారం కట్టండి. ఎంత తొందరలోనైనా ఎర్రదారం సంచి తీయకూడదని ఇంట్లోనే ఒట్టు పెట్టుకోవాలి. నగలు తీసుకువెళితే అవీ చేతిసంచిలోనే, లేదా ఒంటి మీదే. విలువైన నగలున్నవాళ్ళు వెళ్ళేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి చూపించి ధ్రువపత్రం తీసుకొంటే, తిరిగి వచ్చేటప్పుడు ఇవి మనవేనని నిరూపించుకొనే పాట్లు ఉండవు.

ఇంత చేసినా పెట్టె వెనకబడటం మన చేతిలో లేదు. పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటక ముందే అక్కడి కౌంటరులో ఫిర్యాదు రాయించాలి. టికెట్టుకు అంటించి ఇచ్చిన సామాను చీటీ అప్పుడు అడుగుతారు. ఇంటికి చేరేదాకా దాన్ని పారేయకండి. 1999లో మాంట్రియల్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం పెట్టె పగిలితే అందిన 7 రోజుల లోపల, ఆలస్యంగా వస్తే చేతికి అందిన 21 రోజుల లోపల రాసి ఇవ్వాలి. 21 రోజులు దాటినా రాని పెట్టెను పోయినట్టే లెక్కకట్టి నష్టపరిహారం అడగవచ్చు.

అక్క కథ ముగించి సెలవు తీసుకుంటాను. మనవరాలు పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఆరు నెలలుండి అక్క తిరిగొచ్చాక అడిగాను, అంత మోసుకుపోయావు కదా, ఏది అక్కరకొచ్చిందని. ఆలోచించి చెప్పింది: పాత నూలు చీరలు. అంత మెత్తని గుడ్డ ఆ దేశంలో ఎంత వెతికినా దొరకలేదట. అవి రెండూ కలిపి కిలో కూడా ఉండవు. తక్కినవన్నీ ఇంటికి దగ్గరే ఉన్న మన అంగట్లో కొన్నారు. పిప్పళ్ళు ఎన్ని వేయాలి, శొంఠి ఎంత, నెయ్యి ఎప్పుడు కలపాలి అన్నది మాత్రం ఏ అంగట్లోనూ లేదు. అది అక్కకు తెలుసు. కూతురు పక్కన కూర్చొని పుస్తకంలో రాసుకొంది. దానికి బరువు లేదు, రుసుమూ లేదు.

రెండోసారి 2022లో వెళ్ళినప్పుడు అక్క పెట్టెలు మండీ కాటా మీదే తూచాం. ఒకటి 19, ఇంకొకటి 17. ఎర్రదారం సంచి ఒళ్ళో పెట్టుకొని కారెక్కింది. వీధిలో ఒకామె పొట్లం పట్టుకొని వస్తే, "ఏమనుకోవద్దమ్మా, విప్పి చూపించు, తీసుకుపోతా" అంది. ఆమె విప్పి చూపించింది, ఏమీ అనుకోలేదు. మొహమాటం మన మనసులో ఉన్నంత బరువుగా ఎదుటివాళ్ళ మనసులో ఉండదని నాకప్పుడు తెలిసింది.

సానరాయి మా ఇంట్లోనే ఉంది. మనవరాలు ఎప్పుడైనా తలుపులకు వస్తే చూపించాలని అక్క దాచి ఉంచమంది.